పండ్లు లెక్కపెట్టినవా బిడ్డా?



ఇక్కడ రోజూ ఉద్యోగాల నోటిఫికేషన్లు, హాస్టల్ సీట్లు, పోడు పట్టాల సంగతులు వస్తుంటాయి. నేను రాసేది ఒక పాత లారీ డిఫరెన్షియల్ గురించి. ఇదేం ముచ్చట అనుకోకండి. మన గూడేల్లో కొత్త బండి కొనేటోళ్లు ఎంతమంది? అందరం సెకండ్ హ్యాండే. ఆదిలాబాద్‌లోనో, కరీంనగర్‌లోనో, అవతల నాగపూర్‌లోనో నలుగురి చేతులు మారిన బండి మన దగ్గరికి వస్తుంది. పైన రంగు కొత్తగా ఉంటుంది. లోపల ఏ బండి ముక్క ఉందో అమ్మినోడికీ తెలియదు, కొన్నోడికీ తెలియదు. అది తెలుసుకోకపోతే ఏమవుతుందో నాకు 19 ఏళ్ల వయసులో తెలిసింది. సిగ్గు విడిచి రాస్తున్నాను, చదవండి.

అది 2004 డిసెంబరు. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు అప్పుడే పూర్తి చేసి ఊరికి వచ్చాను. ఊర్లో అందరూ నన్ను 'మెకానిక్' అని పిలవడం మొదలుపెట్టారు. మా కాకకు ఒక పాత టాటా 1210 లారీ ఉండేది. ముగ్గురు అన్నదమ్ములు కలిసి పెట్టుకున్న బండి. మా అవ్వ వెండి కడియాలు అందులోనే ఉన్నాయి, ఇంకా కుదువ నుంచి విడిపించలేదు. పత్తి కాలం వస్తే చుట్టుపక్కల గూడేల పత్తి ఎత్తుకొని ఉట్నూరు, ఇంద్రవెల్లి, గుడిహత్నూరు మీదుగా ఆదిలాబాద్ మార్కెట్‌కు పోయేది.

ఆ రోజు ఎనిమిది ఇండ్ల పత్తి ఎక్కించాం. ఇంద్రవెల్లి చేరకముందే ఒక ఎత్తు దగ్గర వెనక నుంచి 'ఫట్' మని చప్పుడైంది. ఇంజను నడుస్తోంది, గేరు పడుతోంది, బండి మాత్రం కదలదు. నేను కిందికి దూరి చూశాను. గేర్‌బాక్సు నుంచి వెనక్కి వచ్చే పొడుగు షాఫ్టు తిరుగుతోంది, చక్రాలు తిరగడం లేదు. యాక్సిల్ షాఫ్టు విరిగిందేమో అని ముందు దాన్నే చూశాం. లారీలకు చక్రం ఊడదీయకుండానే యాక్సిల్ షాఫ్టు బయటికి గుంజవచ్చు. రెండు పక్కలా గుంజాం, రెండూ బాగానే ఉన్నాయి. ఇగ పోయింది డిఫరెన్షియలే. విప్పితే పినియన్ పండ్లు రెండు ఊడి నూనెలో పడి ఉన్నాయి. క్రౌన్ పండ్లు కూడా చితికినయ్.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. లారీ వెనక రెండు చక్రాల నడుమ ఉబ్బెత్తుగా కనిపించే ఇనుప బుర్ర ఉంటుంది చూడండి, అదే. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు చివర చిన్న పండ్ల చక్రం ఉంటుంది, అది పినియన్. అది పెద్ద పండ్ల చక్రాన్ని తిప్పుతుంది, అది క్రౌన్. క్రౌన్‌కు బిగించిన డబ్బాలో స్టార్ పినియన్లు, సన్ పినియన్లు అని చిన్న గేర్లుంటాయి. మలుపులో రెండు చక్రాలు వేరు వేరు వేగంతో తిరగనిచ్చేది అవే. జొన్న కల్లంలో నడుమ గుంజ చుట్టూ ఎడ్లను తిప్పుతాం గదా. గుంజ పక్కనున్న ఎద్దు నిలబడ్డట్టే నడుస్తుంది, బయట ఎద్దు ఉరికినట్టు నడవాలి. లారీ చక్రాలకూ గంతే. ఫ్రాన్సులో పెకూర్ అనే గడియారాల పనివాడు 1820లలోనే ఆవిరి బండి కోసం ఈ ఏర్పాటు చేశాడు. ఇప్పటికీ లారీల్లో తిరుగుతున్నది అదే లెక్క.

సరే, అసలు సంగతికి వస్తాను. కాక నా చేతిలో పైసలు పెట్టాడు. "నువ్వు సదువుకున్నోనివి. కరీంనగర్ పోయి సామాను పట్టుకరా" అన్నాడు. నేను ఆర్సీ బుక్కు జేబులో పెట్టుకొని బస్సెక్కాను. జన్నారం, లక్సెట్టిపేట, రాయపట్నం దగ్గర గోదావరి దాటి, ధర్మపురి, జగిత్యాల మీదుగా కరీంనగర్ చేరేసరికి పొద్దు వాలింది. స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటర్ ముందు అయిదారుగురు ఉన్నారు. నా వంతు వచ్చింది.

"టాటా 1210కి క్రౌన్ పినియన్ కావాలె."

"పాత పీసు తెచ్చినవా? పండ్లెన్ని?"

నేను తేలేదు. లెక్కపెట్టలేదు. ఆ మాట చెప్పాలంటే నోరు రాలేదు. మా ఇంట్లో మాట్లాడేది గోండి. తెలుగు బడిలో నేర్చుకున్నది. పట్నంలో నోరు తెరిస్తే నా యాస నాకే వినిపిస్తుంది. 'అడవిలకెళ్లి అచ్చిండు, ఏం తెలువదు' అనుకుంటారేమో అని లోపల ఒకటే గుబులు. నిజానికి అక్కడ ఎవరూ నవ్వలేదు. నవ్వుతారేమోనని నేనే ముందుగా భయపడ్డాను. "1210దే, పక్కా" అన్నాను. ఆర్సీ బుక్కు తీసి కౌంటర్ మీద పెట్టాను కూడా. ఆయన డబ్బా ఇచ్చాడు. తొమ్మిది వేల నాలుగు వందలు కట్టాను.

తెల్లారి వచ్చి, నడిరోడ్డు మీదనే పత్తి లారీ కింద పడుకొని బిగించబోయాం. క్రౌన్ బోల్టు రంధ్రాలు కలవలేదు. కొత్త క్రౌన్ పాతదాని పక్కన పెడితే చిన్నగా ఉంది. అప్పటికి అది రెండో రోజు. రాత్రిపూట మంచు పడుతోంది. పత్తికి తేమ ఎక్కువైతే మార్కెట్‌లో ధర తెగ్గొడతారని మీకు తెలుసు. ఎనిమిది ఇండ్లోళ్లు వంతులేసుకొని టార్పాలిన్ కప్పి కాపలా పడుకుంటున్నారు. వాళ్ల ముందు నేను తప్పు ముక్క పట్టుకొని నిలబడ్డాను.

కాక తిట్టలేదు. ఒకటే మాట అడిగాడు. "నీకు తెలువదని నాకు చెప్తే, నేను ఇంకొకల్లను అడుగుదు గదా?"

ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట నా చెవిలో అట్లనే ఉంది.

మర్నాడు డిఫరెన్షియల్ హెడ్డు మొత్తం ఊడదీసి, ఇద్దరం మోసి కమాండర్ జీపులో వేసుకొని కాక, నేను కరీంనగర్ పోయాం. గ్రానైట్ రాళ్లు మోసే లారీలను బాగుచేసే షెడ్డు ఒకటి ఉంది, అక్కడ ఒక ముసలి ఉస్తాద్ ఉన్నాడని ఎవరో చెప్పారు. ఆయన బండి పేరు అడగలేదు. ఆర్సీ చూపిస్తే పక్కన పెట్టాడు.

"పండ్లు లెక్కపెట్టినవా బిడ్డా?"

"లేదు ఉస్తాద్."

"మరి దేన్ని చూసి కొన్నవ్?"

ముక్కలను డీజిల్‌లో కడిగించాడు. ఒక పంటికి సున్నం బొట్టు పెట్టి నన్నే లెక్కపెట్టమన్నాడు. క్రౌన్‌కు 41. పినియన్‌కు, ఊడిన రెండూ కలిపి, 6. తర్వాత పినియన్ తల మీద, క్రౌన్ అంచు మీద చెక్కిన సన్నటి నంబర్లు చూపించాడు. పినియన్ మీద ఒక నంబరు, క్రౌన్ మీద ఇంకో నంబరు.

"గీ రెండు ఒక్క జత కావు బిడ్డా. యాడాడివో తెచ్చి పెండ్లి చేసిండ్రు. బండి శానా దినాలకెళ్లి ఒర్రుతుండె గదా?"

కాక, నేను మొఖాలు చూసుకున్నాం. నిజమే, బండి కొన్నప్పటి నుంచి స్పీడు అందుకుంటే వెనక నుంచి 'ఊఁ' అని ఏడుపు వచ్చేది. పాత బండి గదా, గట్లనే ఉంటది అనుకున్నాం.

అప్పుడు ఉస్తాద్ చెప్పింది ఇది. క్రౌన్, పినియన్ విడివిడిగా కొనే వస్తువులు కావు. ఫ్యాక్టరీలో రెండింటినీ ఒకదానితో ఒకటి రుద్ది జత కుదురుస్తారు. అందుకే రెండింటి మీద ఒకే జత నంబరు వేస్తారు. ఒకటి పోతే రెండూ మార్చాలి. పైసలు మిగులుతాయని ఒక్క పినియన్ మార్చినోడు రెండోసారి రెండూ కొంటాడు.

మరి మా 1210లో ఆ పెద్ద క్రౌన్ ఎట్లా వచ్చింది? మా కంటే ముందు ఎవరో వెనక హౌసింగ్ మొత్తం 1613 లారీది తెచ్చి ఎక్కించారు. ఆర్సీలో ఆ సంగతి ఎందుకుంటుంది? "ఆర్సీ బుక్కు బండికి, ముక్కకు కాదు" అన్నాడు ఉస్తాద్.

ఇక్కడ పేర్ల గురించి రెండు మాటలు. టాటా పాత లారీల పేర్లలో ముందు అంకెలు మొత్తం బరువు టన్నుల్లో, వెనక అంకెలు హార్స్ పవర్ పదుల్లో చెప్తాయి. 1210 అంటే 12 టన్నులు, సుమారు 100 హార్స్ పవర్. 1613 అంటే 16 టన్నులు, సుమారు 130. డిఫరెన్షియల్‌లో ఎన్ని పండ్లున్నాయో ఆ పేరు చెప్పదు. మన పెద్దలు ఇప్పటికీ పాత టాటాను 'బెంజి లారీ' అంటారు. 1954లో టాటా వాళ్లు జర్మనీ బెంజ్ కంపెనీతో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకున్నారు, అప్పటి లారీల ముందు బెంజ్ నక్షత్రం ఉండేది. 1969లో ఒప్పందం అయిపోయింది, పేరు మాత్రం నోటిలో ఉండిపోయింది. డీసీఎం సంగతీ అంతే. 1980లలో ఢిల్లీ డీసీఎం, జపాన్ టయోటా కలిసి చేసిన బండి అది. ఇప్పుడు మనం ఐషర్‌ను చూసినా డీసీఎం అంటాం. దుకాణంలో 'డీసీఎం డిఫరెన్షియల్' అని అడిగితే ఆయన ఏ బండిది ఇవ్వాలి? నోటికి అలవాటైన పేరు వేరు, లోపల ఉన్న ఇనుము వేరు.

ఉస్తాద్ మనిషిని పంపి రెండు డబ్బాలు తెప్పించాడు. రెండు క్రౌన్లు పక్కపక్కన పెట్టాడు. ఒకే సైజు, రంధ్రాలు ఒకటే, పండ్లు 41, 41.

"ఏది తీసుకుంటవ్?"

"రెండూ ఒక్కటే గదా ఉస్తాద్."

"పినియన్ చూడు."

ఒకదానికి 6 పండ్లు, ఇంకోదానికి 7. ఒక్క పన్ను తేడా. దాంతో ఏమైతదో చెప్పమన్నాడు. నేను మొదటిసారి "నాకు తెలువదు ఉస్తాద్" అన్నాను. ఆయన నవ్వాడు. "గీ మాట మొన్న దుకాణంల అంటే నీ జీపు కిరాయి మిగులు గదా."

లెక్క ఇది. 41ని 6తో భాగిస్తే 6.83. అంటే షాఫ్టు 6.83 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. 41ని 7తో భాగిస్తే 5.86. ఏడు పండ్లది వేస్తే అదే గేరులో, అదే ఇంజను వేగంలో బండి ఆరో వంతు ఎక్కువ ఉరుకుతుంది. కానీ లాగే బలం ఏడో వంతు తగ్గుతుంది. చదును హైవే మీద తిరిగేటోనికి అది బాగుంటుంది, డీజిల్ కలిసొస్తుంది. మా ఉట్నూరు ఎత్తుల్లో, పత్తి లోడుతో, 1210 ఇంజనుతో తిరిగే బండికి అది పనికిరాదు. బిగుస్తుంది, నడుస్తుంది, ఎత్తు మీద మాత్రం గుంజదు. క్లచ్ ప్లేటు కాలిపోతుంది, మనం క్లచ్‌ను తిడతాం. మొదటి ముక్క రంధ్రాలు కలవక ఆగింది కాబట్టి తప్పు తెలిసింది. అన్నీ కలిసి ఇట్లా ఒక్క పన్ను తేడా ఉంటే తెలియను కూడా తెలియదు.

41, 6 ఎందుకు? 40, 6 ఎందుకు కాదు? లెక్కలు ఇష్టమైన చెల్లెళ్లు ఆలోచించండి. 41ని ఒకటితో, దానితో తప్ప ఇంకే అంకెతో భాగించలేం. అందుకే పినియన్ మీది ప్రతి పన్నూ వంతు వంతుగా క్రౌన్ మీది 41 పండ్లనూ కలుస్తుంది. ఎప్పుడూ అవే పండ్లు గుద్దుకోవు, అరుగుదల అన్నిటికీ సమంగా పడుతుంది. బడిలో ప్రధాన సంఖ్యలు చదివినప్పుడు ఇది దేనికి పనికొస్తుందో నాకు ఎవరూ చెప్పలేదు.

ఆరు పండ్ల జత తీసుకున్నాం. పాత బేరింగులు కూడా మార్చాం. వాటి అంచు మీద చెక్కిన నంబర్లు చూసి, లోపలి ముక్కకు, బయటి గిన్నెకు విడివిడిగా రాసుకొని తెచ్చాం. పాత షిమ్ములు పారేయకుండా ఎన్ని, ఎంత మందం, ఏ పక్కవో వరుసగా పెట్టించాడు. బిగించాక పండ్లకు ఎర్ర రంగు పూసి తిప్పి చూశాడు. మచ్చ పంటి నడుమ పడాలి. కొనకో, మొదలుకో పడితే షిమ్ములు మార్చి మళ్లీ చూడాలి. పండ్ల మధ్య సందు డయల్ గేజ్ పెట్టి చూశాడు, మిల్లీమీటరులో పావు వంతు దగ్గర. సాయంత్రం దాకా అదే పని. తప్పు డబ్బా వాపసు ఇస్తే బోల్టుల గీతలు పడ్డాయని పన్నెండు వందలు కోసుకొని తీసుకున్నారు. అది న్యాయమే, తప్పు నాదే.

అయిదో రోజు పత్తి ఆదిలాబాద్ చేరింది. పైన పత్తికి చెమ్మ పట్టి ధర తగ్గించారు. ఎనిమిది ఇండ్లోళ్లూ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండు అనిపించింది. అవ్వ కడియాలు ఇంటికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

మీ ఇంట్లో పాత లారీ, వ్యాను ఏదున్నా ఈ నాలుగు పనులు చేయండి.

మొదటిది, చెడిపోకముందే తెలుసుకోండి. విప్పకుండానే రేషియో తెలుస్తుంది. చదును నేల మీద ముందు చక్రాలకు రెండు పక్కలా రాళ్లు పెట్టండి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి, హ్యాండ్ బ్రేకు వదలండి. వెనక ఒక పక్క చక్రాలు మాత్రమే జాకీతో లేపి, యాక్సిల్ కింద గట్టి మొద్దు పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరకండి. షాఫ్టు మీద సున్నం గీత పెట్టి ఒకరు చూస్తుండాలి. లేపిన చక్రాన్ని ఇంకొకరు సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. అవతలి చక్రం నేల మీద ఆగి ఉంటుంది కాబట్టి ఈ రెండు చుట్లు క్రౌన్‌కు ఒక్క చుట్టు. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ రేషియో. ఏడుకు కొంచెం తక్కువ వస్తే 41-6 లాంటిది, ఆరుకు కొంచెం తక్కువ వస్తే 41-7 లాంటిది. అనుమానముంటే చక్రం పన్నెండు చుట్లు తిప్పండి. 41-6 అయితే షాఫ్టు సరిగ్గా 41 చుట్లు తిరుగుతుంది.

రెండోది, విప్పాల్సి వస్తే అన్నీ లెక్కపెట్టి రాయండి. క్రౌన్ పండ్లు, పినియన్ పండ్లు, క్రౌన్ బోల్టులు, క్రౌన్ అడ్డం కొలత, పినియన్ వెనక గాడులు, యాక్సిల్ షాఫ్టు చివర గాడులు. ముక్క మీద, హౌసింగ్ మీద ఏ నంబరు కనిపించినా తుడిచి ఫొటో తీయండి. పాత ముక్క లేకుండా దుకాణానికి పోకండి.

మూడోది, కొత్త డబ్బా కౌంటర్ దగ్గరే విప్పండి. పండ్లు మీరే లెక్కపెట్టండి, క్రౌన్ మీద, పినియన్ మీద జత నంబరు ఒక్కటేనా చూడండి. ఆయన విసుక్కుంటే విసుక్కోనీయండి, పైసలు మనవి.

నాలుగోది, నూనె. అందులో ఇంజను ఆయిలు పోయకూడదు, ఆ బండికి చెప్పిన గేరు ఆయిలే పోయాలి. హౌసింగ్ మీద గాలి పోయే చిన్న బ్రీదర్ ఉంటుంది. మన మట్టి రోడ్లకు అది పూడుకుపోతుంది. అప్పుడు నూనె సీళ్ల నుంచి బయటికి తన్ని బ్రేకు లైనర్ల మీద పడుతుంది. నెలకోసారి తుడవండి.

పదో తరగతి తర్వాత ఏం చేయాలో తోచని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఐటీఐ గురించి కూడా ఆలోచించండి. డీజిల్ మెకానిక్ ఏడాది, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు. సర్టిఫికెట్ వచ్చాక ఒక ఏడాది ఎవరైనా ఉస్తాద్ దగ్గర చేతులు నల్లగ చేసుకోండి. నేను అట్లనే చేశాను. ఆ సంక్రాంతి అయ్యాక సంచి పట్టుకొని మళ్లీ కరీంనగర్ పోయి ఆ షెడ్డులోనే మూడేళ్లు ఉన్నాను. నా యాసను అక్కడ ఎవరూ వెక్కిరించలేదు. ఉస్తాద్‌కు కూడా తెలుగు బడిలో వచ్చింది కాదు, బజార్లో వచ్చింది.

ఇప్పుడు మా మండలంలో నాకు చిన్న షెడ్డు ఉంది. మొన్న నార్నూరు దిక్కు నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు, పద్దెనిమిదేళ్లుంటాయి. భుజం మీద గోనెసంచి. దించి విప్పితే విరిగిన పినియన్, చితికిన క్రౌన్, బేరింగులు, దారంతో కట్టిన షిమ్ములు.

"ఇది ఏ బండిదో, ఏం రేషియోనో నాకు తెలువదన్నా. గందుకే మొత్తం పట్టుకచ్చిన" అన్నాడు.

కూర్చోబెట్టి చాయ్ తాగించాను. తర్వాత సున్నం ముక్క వాని చేతికే ఇచ్చి లెక్కపెట్టమన్నాను.